బావి దగ్గర కాపలా

చిలకమ్మ చంకలోని కుండను అతను లాక్కుని రాతికేసి కొట్టాడు.

కుండ ముక్కలైంది. నీళ్ళు ఇసుకలో ఇంకిపోయాయి.

"ఏటి సేసీసినావ్! ఇంట్లో పిల్లగుంట దాహం దాహం అంతంది!" చిలకమ్మ అరిచింది.

"ఈ నీళ్ళు తాగిత్తే ఆ గుంట నీకు మిగలదు," అన్నాడతను. "అదిగో, మరిగించిన నీళ్ళు. పట్టుకెల్లు."

అది డెబ్భై మూడో సంవత్సరం. శ్రావణ మాసం. విశాఖ రేవుకు దక్షిణంగా, కొండ పాదాన నలభై గడపల జాలరి పల్లె. ఒక్క వారంలో ఏడుగురిని కలరా తీసుకుపోయింది.

ఆ తర్వాతే అతనొచ్చాడు. ఒంటి మీద ఖాకీ చొక్కా, భుజాన బ్లీచింగ్ పౌడరు బస్తా. పేరు చెప్పలేదు. ఎవరూ అడగలేదు. ఆరోగ్య శాఖ మనిషే అనుకున్నారు.

వస్తూనే బావి చుట్టూ ముళ్ళకంప వేశాడు. తనే నీళ్ళు తోడి, ఇనప డ్రమ్ములో మరిగించి, ఇంటికి రెండు కుండలు పోసేవాడు. ఆ నీళ్ళే తాగాలి. చేపల గంపతో ఎవరూ పట్నం వెళ్ళకూడదు. ఆదివారం జరగాల్సిన అమ్మవారి సంబరం ఆపెయ్యాలి.

ఆ సాయంత్రం పడవల దగ్గర పల్లెంతా కూడింది.

"గంప ఎత్తకపోతే ఏటి తింతాం?" పల్లె పెద్ద దాలయ్య లేచాడు. "రోగం ఏడుగుర్ని తినీసింది. ఆకలైతే అందర్నీ తినేత్తాది. అమ్మోరి మొక్కు కూడా ఎగ్గొడితే ఇంకేటవుద్దో!"

"ఓరి దాలిగా, నోర్ముయ్," మంత్రసాని ముసలమ్మ కసిరింది. "నా సిన్నతనంలో ఇలాగే సంబరం సేసినారు. మోసీవోలు నేక పీనుగుల్ని ఇసకలో కప్పెట్టినారు. ఆ బాబు మాట ఇనండ్రా."

"నీకేటమ్మా, ముందూ ఎనకా ఎవులూ నేరు. పిల్లలున్నోల గోడు నీకేటి తెలుసు?"

పల్లె రెండుగా చీలిపోయింది.

చిలకమ్మ దాలయ్య వైపే చెయ్యెత్తింది. ఆమె ఇంట్లో నూకలు కూడా లేవు.

ఆదివారం ఉదయం దాలయ్య వైపు వాళ్ళు డప్పులతో బావి మీదికి వెళ్ళారు.

అతను ముళ్ళకంప మీద అడ్డంగా పడుకున్నాడు.

"లే, బాబూ," అన్నాడు దాలయ్య. "సర్కారు జీతగాడివి. ఊరు కాని ఊర్లో దెబ్బలెందుకు తింతావ్?"

"నన్ను సంపీసి తోడుకోండి."

కర్రలు లేచాయి. అతను చెయ్యి కూడా అడ్డం పెట్టుకోలేదు.

కంపతో సహా ఈడ్చి పారేశారు. బావి నీళ్ళతోనే వంటలయ్యాయి. చాలా రోజుల తర్వాత పల్లె కడుపునిండా తింది, తాగింది.

మంగళవారం తెల్లవారేసరికి పదకొండు ఇళ్ళలో వాంతులు, విరేచనాలు.

చిలకమ్మ ఆరేళ్ళ కూతురు పైడితల్లి కళ్ళు లోపలికి పోయాయి. గొంతులోంచి ఏడుపు కూడా రావడం లేదు.

చిలకమ్మ బావి దగ్గరికి పరుగెత్తింది. తలకు గుడ్డ కట్టుకుని అతను డ్రమ్ము కింద పుల్లలు ఎగదోస్తున్నాడు. ఆమె అతని కాళ్ళ మీద పడింది.

"లే, సెల్లీ. ఇంట్లో ఉప్పుందా? పంచదారుందా?"

"పంచదార నేదు, బాబూ. బెల్లం ముక్కుంది."

"సాలు. పద."

మరిగిన నీళ్ళలో రెండూ కలిపి చెంచాతో పోశాడు. పాప కక్కేసింది. మళ్ళీ పోశాడు. మళ్ళీ కక్కింది. మళ్ళీ పోశాడు.

"నీళ్ళు పోత్తే ఇంకా ఎక్కువవుద్దంతారు గదా?" చిలకమ్మ అడిగింది.

"అలాగని ఆపీసినోల్ని సూసినాను. నువ్వు ఆపకు. సెంచా ఎంట సెంచా పొయ్యి."



పొద్దు వాలే వేళకి పైడితల్లి పక్క తడిపింది. అతను ఆ తడిని అరచేత్తో తడిమి చూశాడు.

"ఒంటేలు పోసింది. ఇంక బతుకుద్ది," అని ముఖం అటు తిప్పుకున్నాడు.

లేచి పక్కింటికి వెళ్ళాడు. అక్కణ్నుంచి ఆ పక్కింటికి.

పదకొండు ఇళ్ళలో ఇద్దరే పోయారు. అందులో ఒకడు దాలయ్య కొడుకు.

శుక్రవారం మధ్యాహ్నం డ్రమ్ము కింద మంట లేదు.

ముసలమ్మ వెళ్ళి చూస్తే, బావి పక్క తాటాకుల పాకలో అతను వాంతుల మధ్య ముడుచుకుని పడి ఉన్నాడు. చిలకమ్మ చెంచాతో నీళ్ళు పోసింది. పెదవుల మీంచి జారిపోయాయి. దాలయ్యే పడవ నీళ్ళలోకి తోశాడు. తనే తెడ్డు పట్టాడు.

రేవు చేరేలోగా ప్రాణం పోయింది.

కబురందుకుని హెల్త్ ఇన్‌స్పెక్టర్ భీమశంకరరావు ఒడ్డుకు వచ్చాడు.

"మీ మనిషిని మేమే సంపుకున్నాం, బాబూ," దాలయ్య ఏడుస్తూ చేతులు జోడించాడు. "మేం కొట్టిన దెబ్బల్తోనే మా పిల్లల్ని బతికించినాడు. ఆలింటికాడ కబురెట్టండి. పల్లంతా ఎల్లి ఆల కాళ్ళట్టుకుంతాం."

భీమశంకరరావు గుడ్డ తొలగించి ముఖం చూశాడు.

"ఇతను మా మనిషి కాదు. మీ పల్లెకు పంపడానికి మాకు మనుషులే లేరు. బ్లీచింగ్ బస్తా ఒక్కటిమ్మని మూడు రోజులు మా గుమ్మంలో కూర్చున్నాడు."

"మరెవులు, బాబూ?"

"పేరు అప్పలసూరి. రేవులో కళాసీ. పోయిన నెల వాళ్ళ పేటలో మేం బావి మూసేస్తే, జనాన్ని పోగేసుకొచ్చి మమ్మల్ని కొట్టి తెరిపించాడు."

భీమశంకరరావు గుడ్డ మళ్ళీ కప్పాడు.

"ఆ నీళ్ళు తాగి పెళ్ళాం, ముగ్గురు పిల్లలు రెండు రోజుల్లో పోయారు, ఇంక కబురెవరికి పెట్టను?"