ప్రశాంతమైన పేగు

కంపెనీ వాళ్ళు మా ఇంట్లో పెట్టించిన కమోడ్ మీద కూర్చోనిదే మా అమ్మాయి సులోచనకు డ్యూటీ మొదలవదు. పేగులో వాపెంతో, మనసులో ఒత్తిడెంతో చూసి ఆ కమోడే సూపర్‌వైజరుకు చెబుతుంది. ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఇదే కంపు.

సులోచనకు పెద్దపేగులో పుండ్లు. సూపర్‌వైజరు ఫణీంద్ర అరిచినప్పుడల్లా మర్నాడు రక్తం పడుతుంది. ఆ సంగతి తెలిస్తే ఉద్యోగం తీసేస్తారు. అందుకని కొన్నాళ్ళుగా పిల్ల బదులు కమోడ్ మీద నేనే కూర్చుంటున్నాను. పెళ్ళాం పోయినవాడికి భయమేముంటుంది? నా పేగు మొద్దు పేగు.

ఇవాళ ఫణీంద్ర ఇడ్లీ నములుతూ గోడ మీది తెరలోకి వచ్చాడు.

"శభాష్ సులోచనా! నీ అంత ప్రశాంతమైన పేగు మన ఆఫీసులోనే లేదు. ఇకనుంచి ఇద్దరి పని నువ్వే చూసుకో."

"సరే సార్" అంటూనే పిల్ల పొట్ట పట్టుకుని పెరట్లోని పాత మరుగుదొడ్డికి పరుగెత్తింది. నేను వెళ్ళి తలుపు బయట నిలబడ్డాను.

"రక్తమేనా?"

"మెల్లగా నాన్నా, ఆయన వింటాడు."

వాళ్ళమ్మ కూడా ఇలాగే దాచి దాచి పోయింది.

"నీళ్ళు పొయ్యకు" అన్నాను. అది బయటికొచ్చాక దాని ఫోనులో ఫణీంద్రకు వీడియో కాల్ చేసి, లోపలున్నది చూపించాను.

"ఛీ ఛీ! తినేటప్పుడు ఇదేంటి పెద్దాయనా?"

"నువ్వు మెచ్చుకున్న పేగు నాది. ఇది నా కూతురిది. నీ అరుపులు దాని కడుపులో పడి ఇలా దిగుతున్నాయి. కానియ్, తిను."

ఫణీంద్ర ఫోను పెట్టేశాడు.

"ఉద్యోగం పోయినట్టే నాన్నా" అంది సులోచన, గోడ పట్టుకుని.

"పోనీ. చెప్పులేసుకో, ఆస్పత్రికి పోదాం."