ముట్టుకోని మీట

“సేపల లారీ తోలినావా? నీ వాసన మా సీటుకి అంటుకుంటాది లా!” అంటూ, మాట చివర మలేషియా వాళ్ళ ‘లా’ తగిలించి, పరీక్ష పెట్టే కవిన్ ముక్కు మూసుకున్నాడు.

వసంతి సీట్లో కూర్చుంది. సైబర్‌జయ నగరంలోని ఆ గదిలో లారీ లేదు. స్టీరింగు, ఎదురుగా పెద్ద తెర, తెర నిండా యూరప్ చలికాలపు మంచు రోడ్డు. తెర మీది కరెంటు లారీని బ్యాటరీ అయిపోకుండా ఛార్జింగు చోటికి చేరిస్తే యూరప్‌లో డ్రైవరు ఉద్యోగం.

“మీ ఊరు హుటాన్ మెలింటాంగ్‌లో మంచు ఎప్పుడైనా సూసినావా ఏటి?”

“ఐసు సూసినాను తంబీ, సేపల పెట్టెల్లో.”

కవిన్ పగలబడి నవ్వాడు.

గంట తర్వాత తెర మీద లారీ ఛార్జింగు చోట ఆగింది. బ్యాటరీ ఇంకా నాలుగు శాతం ఉంది. కవిన్ నవ్వు ఎప్పుడు ఆగిందో వసంతి గమనించలేదు.

“పొద్దున పరీక్షకొచ్చిన నలుగురూ సగం దారిలోనే ఆగిపోనారు. కూకోగానే ఏసీ మీట నిండా తిప్పినారు, ఎండ దేశంలో మనోళ్ళ అలవాటు లా. ఇందులో అదే హీటరు, బ్యాటరీనంతా తాగేస్తాది. ముట్టొద్దని నీకెవరు సెప్పినారు?”

వసంతి సిగ్గుతో తల వంచుకుంది. “ఎవులూ సెప్పలేదు. మా లారీలో ఏసీ సెడిపోయి ఆరేళ్ళయింది. ఆ మీట సంగతే మర్సిపోనాను.”

మళ్ళీ నవ్వుతాడనుకుంది. నవ్వలేదు.

“అక్కడ నిజం సలి. సేతులు మొద్దుబారిపోతాయి, అక్కా.”

ఇందాక లేని ‘అక్కా’ అన్న పిలుపు ఇప్పుడెక్కడినుంచి వచ్చిందో! ఐసు పెట్టెలు మోసిన అరచేతులు వసంతి అతని ముందు చాపింది.

“ఇవి మొద్దుబారి శానా కాలమైనాది తంబీ. ఉద్యోగం కాగితం ఇటియ్యి, సంతకం పెడతాను.”