రత్నం నడక

ఇళ్ళలో నేలలు మనుషుల అడుగుల్ని దాచిపెట్టే కాలం ఇది. పోయినవాళ్ళ నడకని ఎక్కించిన తొడుగు ఒంటికి వేసుకుని, అది కదిపినట్టల్లా ఆడితే దాన్ని నాట్యమంటున్నారు.

ఉత్తరాంధ్ర నాట్యోత్సవానికి ఈ ఏడు ‘ఆఖరి నడక’ అనే ఇతివృత్తం పెట్టారు. నిర్వాహకురాలు మృణాళిని నన్ను విజయనగరం పిలిపించింది. నా భార్య శేషారత్నం పోయేముందు జబ్బుతో ఎడమకాలు ఈడ్చుకుంటూ మంచం నుంచి వంటింట్లోకి వెళ్ళిన నడక మొదటి నృత్యానికి కావాలట; మా ఇంటి నేలలోంచి నెల కిందటే తీసుకుని, ఇప్పుడు నా ఒప్పుదల అడిగారు.

పైడితల్లి అనే పిల్ల తొడుగు వేసుకుని నడిచి చూపించింది. మధ్యలో గోడకి చెయ్యి ఆనించి ఆగింది. అచ్చం రత్నమే.

“ఆగడం మరీ ఎక్కువైంది, కుదిద్దాం,” అంది మృణాళిని.

“ఊపిరాడక ఆగిందమ్మా అది. మీకు వేడుకగా ఉందా? నేనివ్వను, తీసెయ్యండి.”

“అంత కోపమెందుకు బాబాయ్ గారూ? మీరు వద్దంటే మానేస్తాం.”

నా ఎదుటే ఆ నడకని చెరిపేశారు. పైడితల్లి తొడుగు విప్పేసి మంచినీళ్ళ కోసం బయల్దేరింది. ఎడమకాలు ఈడుస్తూ నాలుగడుగులు వేసి, గోడ పట్టుకుని నిలబడిపోయింది.

“ఇంకా ఎందుకే ఆ నడక? సరిగ్గా నడువు,” అన్నాను.

“నెల్లాళ్ళ నించీ ఇదే రిహార్సల్. కాలు నా మాట యినట్నేదు తాతా,” అంది.

మృణాళిని మొహం వెలిగిపోయింది.

“ఉత్సవం అయ్యేదాకా అలాగే ఉండు తల్లీ,” అంది.