అత్తగారి ఎర్రచుక్క

"ఓడలో అందరికీ నెగెటివ్!"

ఫోనులో మెసేజు చూడగానే శృతి అంగడి మెట్ల మీదే ఒక గంతు వేసింది. చేతిలోని టిఫిన్ క్యారియర్ గలగలమంది. రాబర్ట్‌సన్‌పేట బట్టల బజారులో కొత్తకోడలు అలా గంతులు వేస్తే బాగుండదని వెంటనే గుర్తొచ్చి, కొంగు సర్దుకొని, గల్లాపెట్టె దగ్గరున్న మొగుడిని చూసి నవ్వేసింది.

"మామకూ అత్తకూ ఇద్దరికీ నెగెటివ్! రేపు ఓడ చెన్నైలో ఆగి, మళ్ళీ విశాఖకు పోతాదంట. చూసినారా, ఏమీ కాదని నేను చెప్పలా?"

"వాళ్ళు ఇంటికి వచ్చినాక చెప్పు ఆ మాట," అన్నాడు గిరీశ్, ఒక ఆమెకు జాకెట్టు గుడ్డ కొలుస్తూ.

అమ్మానాన్నలను ఓడ ఎక్కించడం అతనికి మొదటినుంచీ ఇష్టం లేదు. కరోనా ఇంకా పూర్తిగా పోనేలేదు. పెళ్ళయి మూడు నెలలైనా కాకముందే, పుట్టి బుద్ధెరిగి సముద్రం చూడలేదన్న అత్త మాట పట్టుకొని, టికెట్లు తీసి పంపించింది శృతే.

ఓడ ఎక్కిన ప్రతివాళ్ళ మణికట్టుకూ ఒక పట్టీ కట్టారు. ఎవరు ఎక్కడున్నారో, ఎవరి పక్కన ఎంతసేపున్నారో అది కనిపెడుతుంది. మనుషులు మరీ దగ్గరగా నిలబడితే కుయ్‌మని మొత్తుకుంటుంది. ఇంట్లోవాళ్ళు ఫోనులో చూసుకోవచ్చు కూడా. ఆ ఫోను పటంలో మామ పద్మనాభ నీలం చుక్క. అత్త విశాలమ్మ ఎర్ర చుక్క. రెండు చుక్కలూ జంటగా భోజనానికి పోవడం, జంటగా గాలికి తిరగడం చూసి శృతి రోజూ మురిసిపోయేది.

ఆ మురిపెంతోనే ఇప్పుడూ ఫోనులో చూసింది. నీలం చుక్క గదిలో ఉంది. ఎర్ర చుక్క ఒంటరిగా, పై అంతస్తులో, ఓడ అంచుకు అతుక్కొని ఉంది.

అంతలోనే ఫోను మోగింది.

"విశాలమ్మగారి ఇంటివాళ్ళేనా? నా పేరు ఉమేశ్, ఓడలో ఆరోగ్య విభాగం. ఆమె గదిలో లేరు మేడమ్. పొద్దుటినుంచి ఆమె పట్టీ మూడు అంతస్తులు తిరిగింది. గది గది ముందూ ఆగింది. ఇప్పుడు పైఅంతస్తులో చాలాసేపటినుంచి కదలడం లేదు. చూసి రమ్మని మనిషిని పంపాను."

"ఉన్నారా అక్కడ?"

"పట్టీ ఉంది. అంచున ఉన్న ఇనుప కమ్మీకి తగిలించి ఉంది. ఆమె లేరు."

కమ్మీకి అవతల సముద్రం తప్ప ఇంకేముంటుంది? శృతి మెట్టు మీద కూలబడింది. గిరీశ్ ఫోను లాక్కొని స్పీకరు నొక్కాడు.

"మా నాయన యాడున్నాడు?"

"వాంతులకు మాత్ర వేసుకొని నిద్రపోయారట. లేపి అడిగితే తనకేమీ తెలియదంటున్నారు."

"అమ్మకు హిందీ రాదు, ఇంగ్లీషు రాదు," అన్నాడు గిరీశ్. "ఆ వంటిల్లు తప్ప ఏమి తెలుసు ఆమెకు? తన గది యాడుండాదో తెలీక తలుపు తలుపూ తట్టినట్టుండాది. ఎవురూ తీయలేదేమో. పైకి పోయి..." మాట మింగేసి పెళ్ళాం వైపు తిరిగాడు. "నువ్వే కదే పంపినావు!"

జాకెట్టు గుడ్డ కొనవచ్చిన ఆమె ఆ గుడ్డ పట్టుకొని అలాగే నిలబడిపోయింది.

"మైకులో పిలిచాం సార్. పలకలేదు. ఇంకాసేపు చూసి కెప్టెన్‌కు చెప్పాలి. ఓడ ఆపి వెతకాల్సి ఉంటుంది."

శృతి చటుక్కున లేచింది. "ఏ భాషలో పిలిచినారు సార్?"

"ఇంగ్లీషు, హిందీ."

"మీ ఫోను ఆ మైకు దగ్గర పెట్టండి. పెట్టండి సార్, దండం పెడతాను!"

అవతల ఏదో గరగరమంది. శృతి గొంతంతా కూడదీసుకొని అరిచింది.

"అత్తా! నేను శృతిని! యాడున్నావత్తా? పలుకు!"

బజారంతా తిరిగి చూసింది. ఎదురంగడి వాళ్ళు మెట్లు దిగి వచ్చారు. ఫోనులో మాత్రం గాలి హోరు తప్ప ఏమీ లేదు. గిరీశ్ బల్ల మీద తల వాల్చేశాడు. శృతి మరోసారి పిలవబోయింది.

అంతలో ఫోనులో గబగబా అడుగుల చప్పుడు. ఎవరో ఎవరి చేతికో ఫోను ఇచ్చారు.

"ఏమే శృతీ! ఓడంతా అదిరిపోయేటట్టు ఏం అరుపే అది?"

శృతికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. "యాడికి పోయినావత్తా? పట్టీ ఎందుకు తీసేసినావు?"

"ఇంగేం చేసేదే? ఒక మనిషి పక్కకు వస్తే చాలు, కుయ్యో అంటాది. వచ్చినోళ్ళు జడుసుకొని ఎనక్కి పోతా ఉండారు. దాంతో యాగలేక కమ్మీకి తగిలిచ్చినాను."

"వచ్చినోళ్ళా? ఎవురత్తా?"

అవతల చాలామంది ఆడవాళ్ళు ఏవేవో భాషల్లో మాట్లాడుతున్నారు, నవ్వుతున్నారు. "ముందు పట్టీ కట్టుకోండమ్మా," అని ఉమేశ్ గదమాయిస్తున్నాడు.

"కట్టుకుంటానుండప్పా. శృతీ, ఫోను గిరీకి ఇయ్యి."

గిరీశ్ కళ్ళు తుడుచుకున్నాడు. "అమ్మా, బాగుండావా? అన్నం తింటివా?"

"అన్నానికి టైమ్ యాడుండాది నాయనా? రేపు తెల్లారి బండికే ఎక్కి కాటన్ నైటీలు ఇంగో రెండు మూటలు చెన్నై రేవుకు ఎత్తుకొని రా, నేను మన అంగడినుంచి తెచ్చినవి మూడంతస్తులకే అమ్ముడుపోయినాయి, ఇంగా నాలుగంతస్తులు కాచుకొని ఉండారు!"