జన్మకొక్క నిద్ర

మనుషుల ఊపిరి తేమకు కోనప్ప గుడి రాళ్లు పొడిపొడిగా రాలిపోతున్నాయని, అక్కడ రాత్రి నిద్ర చేయడం మనిషికి జన్మలో ఒక్కసారే అని కట్టడి చేశారు. పగటి దర్శనానికి మాత్రం ఎన్నిసార్లయినా రావచ్చు.

సుంకమ్మ బిడ్డ ఓబులికి మూర్ఛలు. ఏ మందుకూ లొంగలేదు. కోనప్ప దగ్గర నిద్ర చేయిస్తే తగ్గుతాయని నమ్ముకుని, పిల్లను చంకనేసుకుని పొద్దుగుంకే వేళకు కొండెక్కింది.

గుడి ముందు, ముఖాలు గుర్తుపట్టి మాట్లాడే యంత్రపు గేటు ఆమెను చూసి తెరుచుకోలేదు. "మీ రాత్రి అయిపోయిందమ్మా. చంటిబిడ్డగా ఇక్కడే మీ అమ్మ ఒడిలో పడుకున్నారు."

"నాకు గుర్తుకూడా లేదే సామీ! ఇంత చిన్నపిల్ల ఒంటిగా ఎట్ల పడుకుంటాది?"

"పెద్దవాళ్లెవరైనా తోడుంటే పంపుతాం."

తన వంతు నిద్రకు వచ్చి వెనక నిలబడ్డ ఈరమ్మ అనే ముసలామె ఓబులి చెయ్యి పట్టుకుంది. "నా పక్కలో పండబెట్టుకుంటాలే తల్లీ, దిగులుపడాకు."

"కండ్లు మూసుకుని బాగా నిద్రపో బంగారూ," అని సుంకమ్మ బిడ్డను లోపలికి పంపింది.

తెల్లారి ఈరమ్మ వాడిపోయిన ముఖంతో పిల్లను తెచ్చింది. "ఎంత జోకొట్టినా కన్ను మూయలేదు తల్లీ. నీకోసం ఏడ్చి ఏడ్చి కూర్చునే తెల్లార్చింది."

సుంకమ్మ గేటు మీద పడింది. "నా బిడ్డ నిద్రేపోలేదు సామీ! ఇంకొక్క రాత్రి ఇయ్యి!"

"రాత్రంతా ఊపిరి పీల్చింది కదమ్మా. తన వంతు అయిపోయింది."

సుంకమ్మ ఇంకా బతిమాలుతూనే ఉంది. ఓబులి మాత్రం ఆమె భుజాన తలవాల్చి, గేటు ఇవతల, హాయిగా నిద్రపోయింది.