పన్నెండింతల కార్డు

ఖమరుద్దీన్ మూడు కార్డుల్నీ స్టీరింగు మీద పరిచాడు. అర్బాబ్ పిల్లలు, అంటే యజమాని పిల్లలు, బడి నుంచి బయటికి రావడానికి ఇంకా టైముంది. సీబ్ పట్నంలో ఎండ మండిపోతోంది. కారులో ఏసీ ఉంది కాబట్టి డ్రైవరు తన పాపమేదో చల్లగానే చేసుకోవచ్చు.

ఒమాన్‌లో కాసినో లేదు. ఉన్నా ఖమరుద్దీన్ ఆ గడప తొక్కే మనిషి కాదు, ఐదు పూటల నమాజు తప్పడు. కానీ ‘కాసినో కార్డు’ అని పేరు పెట్టి, చేత్తో రాసి జిరాక్స్ తీసిన కాగితాలు ప్రతి గురువారం దుకాణాల్లో గుట్టుగా చేతులు మారేవి. ఇంగ్లండులో ఆ వారం జరిగే ఫుట్‌బాల్ మ్యాచ్‌ల్లో నాలుగింటిని ఎంచుకుని, గెలిచే జట్లకు టిక్ పెట్టాలి. నాలుగూ నిజమైతేనే డబ్బు. ఒక్కటి తప్పినా అంతా పోయినట్టే.

మంగలి షాపు కార్డు రియాలుకు పది రియాళ్లు ఇస్తుంది. లాండ్రీవాడిది పదకొండు. రెండింట్లోనూ మ్యాచ్ డ్రా అయితే ఓడిపోయినట్టే లెక్క. ఈమధ్యే ఎహసాన్ కిరాణా కొట్టులో మొదలైన మూడోది పన్నెండు ఇస్తుంది. పైగా డ్రా అయితే పెట్టిన పైసలు వాపస్.

"ఇంత ఇస్తే ఈ కార్డు నడిపే మీ సేటుకు ఏం మిగుల్తది?" అని మొదట్లోనే అడిగాడు ఖమరుద్దీన్.

"సేటుకు లెక్కలు రావు, ఖమర్ భాయ్. నువ్వు మాత్రం బయట చెప్పకు. ఇది మనోళ్లకే," అన్నాడు ఎహసాన్ పప్పు తూకం వేస్తూ.

ఆ రోజు నుంచి మంగలికి, లాండ్రీవాడికి దండం పెట్టేశాడు. ఇప్పటికీ ప్రతి వారం మూడు కార్డులూ తెచ్చి పోల్చి చూస్తాడు గానీ, చివరికి టిక్కులు పడేది ఎహసాన్ కార్డు మీదే. ఎటూ తప్పు చేస్తున్నప్పుడు నాలుగు పైసలు ఎక్కువొచ్చే చోటే చేయాలి కదా.

డాష్‌బోర్డులో ఒక కవరుంది. కూతురు అఫ్రీన్ బడి ఫీజు అది. భార్య రషీదున్నీసా ఒమానీ ఆడవాళ్లకు బట్టలు కుట్టి కూడబెట్టి, కట్టి రమ్మని ఇచ్చింది. కవరు నిండుగా ఉన్నప్పుడు రెండు రియాళ్లు తీశాడు. వచ్చేవారం పెట్టేద్దామనుకున్నాడు. ఆ వచ్చేవారం మరో మూడు తీశాడు. నిరుడు ఇదే బిడ్డ తల మీద చెయ్యి పెట్టి, ఈ కార్డుల జోలికి పోనని భార్య ముందు ఒట్టు వేశాడు. కవరు తెరిచినప్పుడల్లా ఆ చెయ్యి మండేది.

ఒక్కసారి మాత్రం నాలుగు జట్లూ గెలిచాయి. రషీదున్నీసాకు అత్తరు సీసా కొని, అర్బాబ్ బక్షీస్ ఇచ్చాడని చెప్పాడు. ఆమె మూత తీసి వాసన చూసి, "బాగుంది," అంది. ఆ వారమంతా ఇంట్లో కట్టీ దాల్ తప్ప మరో కూర లేదు. "కూరకు పైసలు సరిపోలే," అంది. జేబులో గెలిచిన నోట్లు పెట్టుకుని ఆ పప్పే తిన్నాడు. ఆ నోట్లు మళ్లీ ఎహసాన్ కొట్టుకే పోయాయి.

ఈ వారం కార్డు కూడా ఓడింది. కవరు ఖాళీ అయింది.

మరుసటి శుక్రవారం నమాజు నుంచి వచ్చి భార్య ఎదుట నేల మీద కూలబడ్డాడు. "రేపు ఫీజుకు ఆఖరు రోజు. పైసలు లేవు. మల్ల ఆడిన. అన్నీ పోయినయ్. నీ కష్టం తిన్నోణ్ణి నేను," అని ఏడ్చేశాడు.

రషీదున్నీసా తిట్టలేదు. ఒక్కటే అడిగింది.

"ఇగ ఆడవా?"

"తోబా. ఒట్టు, ఇగ ఆడ."

ఆమె లేచి నల్ల బురఖా వేసుకుని బయటికి నడిచింది. అప్పు అడగడానికే పోతోందని అతనికి అర్థమైంది. తన తప్పుకు ఆమె ఒకరి ముందు చెయ్యి చాచడమా? సిగ్గుతో చచ్చిపోతూనే, ఆ మాటేదో తానే అడుగుదామని వెనకాల పరుగెత్తాడు. అతను చేరేసరికి ఆమె ఎహసాన్ కొట్టులోకి పోయింది. బయటే ఆగిపోయాడు.

లోపలి నుంచి భార్య గొంతు వినిపించింది.

"ఎహసాన్ భాయ్, అఫ్రీన్ అబ్బా తోబా చేసిండు, ఇగ నేను నీతోని నడిపించిన కార్డు బంద్ జేసి ఆయన ఓడిపోయిన పైసలన్ని నాకియ్యి, రేపు బిడ్డ ఫీజు కట్టాలె."