పుష్పగుచ్ఛానికి సీటు

"కొంచెం గట్టిగా సార్. 'స్త్రీ శక్తి' అన్నచోట గొంతు వణకాలి," అన్నాడు కార్యదర్శి.

సారు అద్దం ముందు నిలబడి గొంతు వణికించారు. బాగానే వచ్చింది. ఇంకోసారి వణికించారు. ఈసారి కార్యదర్శి కళ్లలోనే నీళ్లు తిరిగినంత పనైంది.

ఆ రోజు దేశ చట్టసభలో అడుగుపెట్టిన తొలి మహిళ శతజయంతి. మధ్యాహ్నం ఆవిడ కంచు విగ్రహానికి ఆవిష్కరణ. తెర లాగేది సారే, ప్రసంగించేదీ సారే. వారం రోజులుగా ఇల్లంతా అదే హడావిడి. ఫొటోలో సారు పక్కన ఎవరు నిలబడాలి అన్న ఒక్క విషయం మీదే రెండు పూటలు చర్చ జరిగింది. విగ్రహం మొహం ఎలా వచ్చిందో మాత్రం ఇంకా ఎవరూ చూడలేదు.

అమ్మగారు ఇస్త్రీ చేసిన కోటు పట్టుకుని గదిలోకి వచ్చారు. కార్యదర్శి చటుక్కున లేచి నిలబడ్డాడు.

"కూర్చోవయ్యా, ఇంట్లో కూడా ఏమిటీ మర్యాదలు!" అన్నారు సారు, కోటులో చేతులు దూరుస్తూ.

అమ్మగారు గుండీలు పెడుతూ నెమ్మదిగా అన్నారు. "ఏమండీ, ఇవాళ నేనూ వస్తాను."

"ఎక్కడికి?"

"సభకి. రెండు మాటలు మాట్లాడదామని ఉంది."

సారు నవ్వారు. "ఎండలో, ఆ జనంలో నీకెందుకే అవస్థ? అసలే నీకు నడుం నొప్పి."

"నాకు నడుం నొప్పి లేదండీ."

"వెళ్లొస్తే వస్తుంది."

సోఫాలో కూర్చున్న అత్తగారు అందుకున్నారు. "వాడు చెబితే పదిమందీ వింటారమ్మా. మనకెందుకా గోల?"

అమ్మగారు వెనక్కి తగ్గలేదు. "ఆవిడ నాకు తెలుసత్తయ్యా. చిన్నప్పుడు మా ఆడపిల్లల బడికి వచ్చారు. నన్ను వేదిక మీదికి పిలిచి, మైకు నా చేతికిచ్చి, 'నీకేం కావాలో నువ్వే అడుగు, ఇంకొకళ్ల చేత అడిగించకు' అన్నారు. బడికి మంచినీళ్ల కుళాయి కావాలన్నాను. వేయించారు."

సారు ఠక్కున ఇటు తిరిగారు.

"ఇంత మంచి ముక్క ఇన్నాళ్లూ దాచావా? రాసుకోవయ్యా, రాసుకో!"

"ఆ ముక్క నేను చెబుతానండీ."

"నేను చెబితే నువ్వు చెప్పినట్టు కాదుటే? మనిద్దరం వేరా?"

కార్యదర్శి తల వంచుకుని రాసుకున్నాడు.

అయినా అమ్మగారు తయారయ్యారు. మంచి బట్టలు కట్టుకుని, చెప్పులు వేసుకుని, పోర్టికోలోకి వచ్చారు. జెండా కట్టిన కారు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. ముందు సీట్లో డ్రైవరు పక్కన కార్యదర్శి. వెనక సీట్లో సారు. సారు పక్కన విగ్రహం పాదాల దగ్గర ఉంచబోయే పుష్పగుచ్ఛం. మనిషంత ఉంది.

"దాన్ని డిక్కీలో పెట్టిస్తే నేను కూర్చుంటాను," అన్నారు అమ్మగారు.

సారు నొచ్చుకున్నారు. "ఆ మహాతల్లికి పెట్టే పూలు డిక్కీలోనా? ఒక స్త్రీని అలా అవమానిస్తామా?"

అమ్మగారు ఏదో అనబోయారు. ఈలోగా తలుపు పడింది. కారు కదిలింది.

సభ అదిరిపోయింది. సారు మొదటి మాటకే చప్పట్లు.

"ఆ మహనీయురాలు గెలిచి తొలిరోజు చట్టసభకు వెళితే, గుమ్మం దగ్గర జవాను ఆపి, 'మీ ఆయన ఏరమ్మా?' అని అడిగాడట. ఆవిడ ఏమన్నారో తెలుసా? 'ఆయన ఇంట్లో ఉన్నారు నాయనా, గెలిచింది నేను!' అన్నారట."

జనం పగలబడి నవ్వారు. అందరికంటే గట్టిగా సారు నవ్వారు. తర్వాత జేబురుమాలు తీశారు.

"నా చిన్నప్పుడు ఆ తల్లి మా బడికి వచ్చింది. ఈ చేతికి, ఇదిగో ఈ చేతికే, మైకు ఇచ్చింది..."

అది ఆడపిల్లల బడి అని కార్యదర్శికి అప్పుడు గుర్తొచ్చింది. కంగారుగా జనం వైపు చూశాడు. జనం మాత్రం కళ్లు తుడుచుకుంటున్నారు.

"ఆడదాని గొంతు నొక్కే వాడెవడైనా సరే, మా శాఖ వాణ్ణి వదిలిపెట్టదు!" అని ముగించారు సారు. వేదిక మీద ఉన్న పెద్దమనుషులందరూ లేచి చప్పట్లు కొట్టారు. అంతా మగవాళ్లే కాబట్టి చప్పుడు బాగా వచ్చింది.

సాయంత్రం అత్తగారు టీవీ పెట్టారు. విగ్రహం, పుష్పగుచ్ఛం, సారు. మళ్లీ సారు.

"చూశావా, జనాన్ని ఏడిపించేశాడు! రామ్మా, ఇలా కూర్చుని చూడు," అన్నారు మురిసిపోతూ.

అమ్మగారు వచ్చి సోఫా చివర కూర్చున్నారు. పొద్దున వేసుకున్న చెప్పులు ఇంకా విప్పలేదు.

"ఒంట్లో బాగోలేక సభకు రాలేకపోయిన మహిళా సంక్షేమ శాఖ మంత్రి తరఫున ఆమె భర్త ప్రసంగించారు," అని వార్తలు చదివే అమ్మాయి చెబుతుంటే, తెర మీద అమ్మగారి ఫొటో పడింది.